సెప్టెంబర్ 17కి అసలు పేరేంటి? మా పాపకు మూడు నిమిషాల స్పీచ్ ఉంది

ఓరుగల్లు_నాన్న
మా పాప ఎనిమిదో తరగతి. సెప్టెంబర్ 17 మీద, అదే 1948లో నిజాం భారత సైన్యానికి తలొగ్గిన రోజు మీద, స్కూల్లో మూడు నిమిషాలు మాట్లాడాలట. ఆదివారంలోపు రాసిమ్మని నా ప్రాణం తోడేస్తోంది. నేను సివిల్ ఇంజనీర్ని, నా చరిత్ర పదో తరగతితో సరి. ఏముందిలే, ఫోన్లో చూసి రాసిద్దాం అని కూర్చున్నా. రెండు గంటల్లో తల తిరిగిపోయింది.

మా చౌరస్తాలో మూడు ఫ్లెక్సీలు ఉన్నాయి. ఒకటి విమోచన దినోత్సవం, ఒకటి ప్రజాపాలన దినోత్సవం, ఒకటి సాయుధ పోరాట వారోత్సవాలు. కొంచెం ముందుకెళ్తే ఇంకో పార్టీ ఆఫీసు ముందు సమైక్యతా దినోత్సవం. స్కూటీ వెనక కూర్చుని పాప "నాన్నా, ఇవన్నీ ఒకే రోజా, వేరే వేరేనా?" అంది. గ్రీన్ సిగ్నల్ పడింది కాబట్టి తప్పించుకున్నా.

ఫ్యామిలీ గ్రూపులో అడిగితే పటేల్ ముందు నిజాం చేతులు జోడించిన ఫొటో వచ్చింది, కింద "17-9-1948, లొంగుబాటు" అని. తర్వాత నిజాం దేశానికి 5,000 కిలోల బంగారం దానం చేసిన మహానుభావుడని ఒక మెసేజ్. ఆ తర్వాత నిజాం అంత రాక్షసుడు భూమ్మీద పుట్టలేదని ఇంకో మెసేజ్. ఈ రెండూ పంపింది ఒకే బాబాయి, అరగంట తేడాతో.

టీచరమ్మను అడిగితే "గొడవలు లేకుండా రాయించండి సార్, పేరెంట్స్ వచ్చి కూర్చుంటారు" అన్నారు. గొడవలు లేకుండా ఎలా రాయాలో మీరే చెప్పండి.

మిర్చిబజ్జి_సగం_ప్లేటు
గొడవలు లేకుండా అని ఈ ఫోరంలో అడగడానికి గుండె ధైర్యం కావాలన్నా. నేను ముందు వరసలో కూర్చున్నా, మొదలుపెట్టండి.

గ్రూప్2_నాలుగోసారి
మీకు మూడు నిమిషాల బాధ. నాకు ఒక పేపర్ మొత్తం ఇదే. నేను ప్రిపరేషన్ మొదలుపెట్టిన ఏడు, 2022లో, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవం అంది. అదే రోజు పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్రం విమోచన దినోత్సవం చేసింది. 2024 మార్చిలో కేంద్రం దానికి నోటిఫికేషన్ కూడా ఇచ్చింది. ఆ సెప్టెంబర్‌లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. మా కోచింగ్ సార్ ఏమన్నాడో తెలుసా? "రిజల్ట్ వచ్చే టైముకి ఎవరు పవర్‌లో ఉంటారో ఊహించి రాయండి" అన్నాడు. జోక్ అనుకుని నవ్వాం. ఆయన నవ్వలేదు.

డల్లాస్_పెసరట్టు
పేరు ఏదైతే ఏముందండీ, నిజాం చెడ్డవాడు అనడం మాత్రం అన్యాయం. 1965 యుద్ధం అప్పుడు శాస్త్రిగారు అడగ్గానే 5,000 కిలోల బంగారం ఇచ్చాడు, పెట్టెలు మాత్రం తిరిగిచ్చేయమన్నాడు. ఇది పిల్లలకు చెప్పాల్సిన విషయం.

మిర్చిబజ్జి_సగం_ప్లేటు
బాబాయ్, మీరేనా?

నల్లగొండ_సారు
సోషల్ టీచర్‌గా ముప్పై రెండేళ్ళు చేసి రిటైరయ్యాను. పాప కోసం కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఆ ఫొటో. అది బేగంపేట విమానాశ్రయం, 1949 ఫిబ్రవరి. పటేల్ హైదరాబాద్ పర్యటనకు వస్తే నిజాం ఎదురెళ్ళి నమస్కారం పెట్టాడు. 1948 సెప్టెంబర్ 17న పటేల్ హైదరాబాద్‌లో లేడు. నమస్కారం పెడితే లొంగిపోయినట్టయితే, పెళ్ళి రిసెప్షన్‌లో గుమ్మం దగ్గర నిలబడ్డ పెళ్ళికూతురి తండ్రి వెయ్యిసార్లు లొంగిపోయినట్టు.

ఇక జరిగింది. 1947 ఆగస్టులో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో చేరలేదు, పాకిస్తాన్‌లోనూ చేరలేదు. 16 జిల్లాల రాజ్యం అది. ఎనిమిది తెలంగాణవి, ఐదు మరాఠ్వాడావి, మూడు కన్నడ జిల్లాలు. నవంబర్ 29న ఢిల్లీతో యథాతథ ఒప్పందం కుదిరింది, ఏడాది గడువుతో. ఆ ఏడాది నిండలేదు. లాతూరు వకీలు కాశిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు, అంటే నిజాం రాజ్యాన్ని నిలబెడతామన్న ప్రైవేటు సైన్యం, ఊళ్ళ మీద పడ్డారు. ఇటు పల్లెల్లో దొరల మీద, వెట్టిచాకిరి మీద రైతుల పోరాటం అప్పటికే రెండేళ్ళుగా నడుస్తోంది. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దొర మనుషులు దొడ్డి కొమరయ్యను కాల్చి చంపినప్పటి నుంచి.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం లోపలికొచ్చింది. 17 సాయంత్రం నిజాం రేడియోలో కాల్పుల విరమణ చెప్పాడు. లాయక్ అలీ మంత్రివర్గం అదే రోజు దిగిపోయింది. నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌదురికి లొంగిపోయింది 18న.

అక్కడికి సినిమా అయిపోయిందనుకుంటారు అందరూ. నిజాం ఎక్కడికీ పోలేదు. చౌదురి మిలటరీ గవర్నర్‌గా పాలించాడు, నిజాం గద్దె మీదే ఉన్నాడు. భారత రాజ్యాంగాన్ని ఒప్పుకుంటున్నట్టు ఆయన ఫర్మానా (రాజాజ్ఞ) ఇచ్చింది 1949 నవంబర్‌లో. 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబర్ 31 దాకా ఆయనే రాజప్రముఖ్, అంటే గవర్నర్ లాంటి పదవి. ఓట్లేసి ఎన్నుకున్న ప్రభుత్వం, బూర్గుల రామకృష్ణారావుది, 1952లో వచ్చింది. ఇదంతా ఏ ఫ్లెక్సీలో పడుతుంది?

గ్రూప్2_నాలుగోసారి
సార్, విలీనం అంటే 1948నా, 1949నా, 1950నా? ఆప్షన్లలో మూడూ ఉంటాయి.

నల్లగొండ_సారు
ప్రశ్న పూర్తిగా చదువు నాయనా. సైనిక చర్య అడిగాడా, ఫర్మానా అడిగాడా, రాజ్యాంగం అడిగాడా చూసుకుని పెట్టు.

కరీంనగర్_కిరాణా
సార్ చెప్పింది బాగుంది కానీ మా నానమ్మకు ఈ పేర్లేవీ తెలియవు. ఆమెకు అది "పోలీస్ యాక్షన్". మా పెద్దనాన్న వయసు అడిగితే "పోలీస్ యాక్షన్ అయినంక రెండేండ్లకు పుట్టిండు" అంటుంది. ఆధార్ కార్డులో పుట్టిన తేదీ అట్లనే లెక్కగట్టి రాయించినం.

పసుపు_కొమ్ము
మా ఇంట్లోనూ సేమ్. రజాకార్ల జమానా, పోలీస్ యాక్షన్, తర్వాత దొర ఊరిడిసిపోయిన ఏడు. మా తాతకు చరిత్ర అంటే ఈ మూడే.

కృష్ణా_కాలువ
ట్యాంకులు వేసుకుని మిలటరీ వస్తే దాన్ని పోలీస్ యాక్షన్ అన్నదెవరండీ?

నల్లగొండ_సారు
ఢిల్లీ. ఇది మా ఇంటి విషయం, పరాయి దేశం మీద యుద్ధం కాదు అని ప్రపంచానికి చెప్పుకోవాలి. నిజాం అప్పటికే ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు పెట్టాడు. పారిస్‌లో భద్రతా మండలి దాని మీద సెప్టెంబర్ 16న కూర్చుంది, మర్నాటికల్లా ఇక్కడ పనైపోయింది. మిలటరీ వాళ్ళు పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. పేరు పెట్టే రాజకీయం ఈనాటిది కాదు.

కృష్ణా_కాలువ
బెజవాడ వైపు నుంచి వెళ్ళిన దళానికి మేజర్ జనరల్ రుద్ర అధికారి. షోలాపూర్ నుంచి వెళ్ళింది పెద్దది, ఇటు నుంచి వెళ్ళింది రెండోది. ఇది మా తాత చెప్తే తెలిసింది, ఆయన రోడ్డు మీద నిలబడి లారీలు లెక్కపెట్టాడట. రెండొందల దాకా లెక్కపెట్టి ఆకలేసి ఇంటికొచ్చేశాడు. మా స్కూల్లో మాత్రం సెప్టెంబర్ 17 గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. నిజం చెప్పాలంటే 2010లో ఉద్యమం వేడిలో టీవీ చూసే దాకా ఆ తేదీకి ఒక అర్థం ఉందని నాకు తెలియదు.

ఒక_చాయ్_రెండు_ఉస్మానియా
రాయాలా వద్దా అని పొద్దున్నుంచి ఆలోచిస్తున్నా.

నా తొమ్మిదో తరగతిలో ఈ పాఠం వచ్చిన రోజు క్లాసులో నలుగురు వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఆ ఏడాదంతా గ్రౌండ్‌లో నా పేరు రజాకార్. సార్ విన్నారు, నవ్వి ఊరుకున్నారు. మా తాత గుల్బర్గా దగ్గర ఊళ్ళో దర్జీ. తుపాకీ ఎలా పట్టుకోవాలో తెలియని మనిషి. 48లో పోలీస్ యాక్షన్ అయ్యాక వారం లోపల ఇల్లు, మిషను వదిలేసి నడుచుకుంటూ సిటీకి వచ్చాడు. ఆయన అన్నలిద్దరు రాలేదు. ఎప్పటికీ రాలేదు.

చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, దీని మీద నెహ్రూ ప్రభుత్వమే ఒక బృందాన్ని పంపిందని. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. 1948 నవంబర్ చివర్లో వచ్చి డిసెంబర్ దాకా జిల్లాలు తిరిగారు. ఎంత తగ్గించి లెక్కేసినా 27,000 నుంచి 40,000 మంది పోయారని రాసిచ్చారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ అన్నిటికన్నా ఘోరం అన్నారు. ఆ రిపోర్టు దశాబ్దాలు బయటికి రాలేదు.

ఇంకో పేరు కూడా మా క్లాసులో ఎవరూ చెప్పలేదు. షోయబుల్లా ఖాన్, ఇమ్రోజ్ పత్రిక ఎడిటర్. హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్లు ఆయన్ని నడిరోడ్డు మీద నరికి చంపారు. ఆ ఒక్క పేరు సార్ చెప్పి ఉంటే నా ఏడాది వేరేగా గడిచేది.

ఓరుగల్లు_నాన్న
భయ్యా, ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

బురుజు_బిడ్డ
అందరూ బాధపడుతున్నారు సరే. మా వైపు ఏం జరిగిందో కూడా వినండి. మాది బైరాన్‌పల్లికి పది కిలోమీటర్లు. 1948 ఆగస్టు 27. ఊరంతా బురుజెక్కి దెబ్బకు దెబ్బ కొట్టుకుంటూ వస్తోందని పగబట్టి, రజాకార్లూ నిజాం సైనికులూ కలిసి తెల్లారుజామున చుట్టుముట్టారు. వరసగా నిలబెట్టి కాల్చారు. ఆ బురుజు ఇప్పటికీ ఉంది, వెళ్ళి చూడండి. మా అమ్మమ్మ చెల్లెలు ఆ రోజు విధవ అయింది, పద్నాలుగేళ్ళకి. ఆమె దగ్గరికి వెళ్ళి "సమైక్యత" అని చెప్పండి చూద్దాం. ఆమెకు అది విమోచనే. తర్వాత ఎక్కడో ఏదో జరిగిందని రజాకార్లను కడిగి ఆరేస్తారా?

ఒక_చాయ్_రెండు_ఉస్మానియా
నేను కడగలేదన్నా. నరికి చంపారని రాసింది నేనే. మా తాతను రజాకార్ అనొద్దు అన్నా, అంతే.

బురుజు_బిడ్డ
మీ తాత గురించి నేనేమీ అనలేదు. కానీ ఏ టీవీ పెట్టినా ఒకడు బైరాన్‌పల్లి చెప్పగానే ఇంకొకడు సుందర్‌లాల్ రిపోర్టు తీస్తాడు. తూకం వేస్తున్నట్టు. అది నాకు మండుతుంది.

ఒక_చాయ్_రెండు_ఉస్మానియా
నాక్కూడా అదే మండుతుంది, అటువైపు నుంచి.

అడ్మిన్_చెట్టుకింద
ఇంతవరకు బాగుంది. ఇప్పటి పార్టీల పేర్లు తీసిన మొదటి పోస్టు డిలీట్, రెండోదానికి మనిషి డిలీట్.

నల్లగొండ_సారు
ఇద్దరూ చెప్పింది నిజమే. ఇది మధ్యవర్తిగా నచ్చజెప్పడానికి చెప్పే మాట కాదు, తేదీలు చూడండి. బైరాన్‌పల్లి ఆగస్టు, సెప్టెంబర్ 17కి ముందు. గుల్బర్గా ఆ తర్వాత. ఒకటి చెప్పినంత మాత్రాన ఇంకొకటి చెరిగిపోదు.

పైగా మా నల్లగొండలో మూడో కథ ఉంది. నిజాం పోయాడని ఊళ్ళు పండగ చేసుకున్నాయి. ఆ వెనకే మిలటరీ రక్షణతో దొరలు గడీలకు తిరిగొచ్చి, పోరాటంలో పంచిన భూములు లాక్కోవడం మొదలుపెట్టారు. మిలటరీ ఈసారి కమ్యూనిస్టుల మీదికి తిరిగింది. పోరాటం ఆగింది 1951 అక్టోబర్‌లో. మొత్తం మీద తమవాళ్ళు 4,000 మంది దాకా పోయారని కమ్యూనిస్టుల లెక్క. సెప్టెంబర్ 17ని విద్రోహ దినం అనేవాళ్ళు ఇక్కడి నుంచి వచ్చారు. చిత్రం చూడండి, మరుసటి ఏడాది ఎన్నికల్లో పార్టీ పేరు పెట్టుకునే వీల్లేక పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడ్డ రావి నారాయణరెడ్డికి నల్లగొండలో నెహ్రూ కన్నా ఎక్కువ మెజారిటీ వచ్చింది. జనం దాన్ని ఎలా చూశారో ఆ ఓట్లు చెప్తాయి.

పసుపు_కొమ్ము
దొర ఊరిడిసిపోయిన ఏడు అన్నాను కదా. మళ్ళీ వచ్చిన ఏడు కూడా ఉంది, తాత దాన్ని లెక్కలో కలపడు.

టైంపాస్_పల్లీలు
డెబ్బై ఏళ్ళు దాటిపోయింది. ఈ పుండ్లు గెలకడం ఎందుకు? పిల్లలకు కోడింగ్ నేర్పించండి, పనికొస్తుంది.

కరీంనగర్_కిరాణా
మేం గెలకకపోతే మానిపోతుందా అన్నా? ప్రతి ఏడూ సెప్టెంబర్ వస్తే మైకులు పెట్టి గెలికేటోళ్ళు వేరే ఉన్నారు కదా. మేం కనీసం డెట్టాల్ పట్టుకుని వస్తున్నాం.

పాత_రికార్డులు
@డల్లాస్_పెసరట్టు బంగారం సంగతి మిగిలిపోయింది. అది దానం కాదండీ. 1965 అక్టోబర్‌లో నేషనల్ డిఫెన్స్ గోల్డ్ స్కీమ్ అని కేంద్రం బాండ్లు పెట్టింది. నిజాం అందులో 425 కిలోలు పెట్టాడు, ఏడాదికి ఆరున్నర శాతం వడ్డీకి. ఐదు టన్నుల దానం గురించి సమాచార హక్కు కింద అడిగితే ప్రధాని కార్యాలయం అలాంటి సమాచారం తమ దగ్గర లేదంది. 425 కిలోలు తక్కువేం కాదు, యుద్ధ సమయంలో అది సాయమే. కానీ దానానికీ ఫిక్స్‌డ్ డిపాజిట్‌కీ తేడా ఉంది.

డల్లాస్_పెసరట్టు
నిజమా? నేను ఇది ఆరేళ్ళుగా ప్రతి ఆగస్టు 15కి పంపుతున్నాను.

మిర్చిబజ్జి_సగం_ప్లేటు
425 ఎక్కడ, 5,000 ఎక్కడ. మన తెలుగువాళ్ళం కట్నం చెప్పుకున్నట్టు చెప్పుకున్నాం.

బురుజు_బిడ్డ
పెట్టెలు తిరిగిచ్చేయమన్న మాట మాత్రం బాగా కుట్టారు. అబద్ధంలో అలాంటి చిన్న ముక్క ఉంటేనే నమ్ముతారు.

డల్లాస్_పెసరట్టు
ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, నిజాంసాగర్, ఉస్మానియా ఆస్పత్రి, యూనివర్సిటీ... ఇవన్నా నిజమేనా, అవి కూడా పోయాయా?

పాత_రికార్డులు
అవి నిజమే, నిక్షేపంగా ఉన్నాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహా మీద వచ్చిన చెరువులు. వెట్టిచాకిరి కూడా నిజమే. ఒకే రాజ్యంలో రెండూ ఉన్నాయి. సిటీలో ఉన్నవాడు ఆస్పత్రి చూశాడు, పాలకుర్తిలో తన పంట కోసం నిలబడ్డ చాకలి ఐలమ్మ దొర గూండాలను చూసింది.

నైట్‌డెస్క్_నిద్రలేదు
ఆ ఫొటో పాపంలో నాకూ భాగముంది. ఒక న్యూస్ ఛానల్లో ఆరేళ్ళు పనిచేశాను, పేరు వద్దు. ప్రతి సెప్టెంబర్ 16 రాత్రి స్పెషల్ ప్రోగ్రాం. రిసెర్చ్ అంటే నిరుడు వాడిన స్క్రిప్టు. ఫొటో 1949దని ఒక ఏడాది నేను చెప్పాను. "చూసేవాళ్ళకు లొంగుబాటు అంటే ఆ ఫొటోనే, అది లేకపోతే ఛానల్ మారుస్తారు" అన్నాడు మా ఇన్‌ఛార్జ్. కింద చిన్నగా తేదీ వేద్దామన్నా. స్క్రోలింగ్ అడ్డొస్తుందన్నాడు.

డిబేట్‌కి నలుగురిని పిలుస్తాం. చరిత్ర ప్రొఫెసర్ ఒకాయన్ని పిలిస్తే "దీనికి మూడు దశలున్నాయి" అని మొదలుపెట్టాడు. మొదటి దశ దాటకముందే బ్రేక్. బ్రేక్‌లో ఇద్దరు నాయకులూ పక్కపక్కన కూర్చుని చాయ్ తాగుతూ ఏదో వెంచర్‌లో ప్లాట్ల రేట్లు మాట్లాడుకున్నారు. బ్రేక్ అవగానే మళ్ళీ దేశద్రోహి, మతోన్మాది. మరుసటి ఏడాది ప్రొఫెసర్‌ను పిలవలేదు.

గ్రూప్2_నాలుగోసారి
ఆ వెంచర్ పేరైనా చెప్పన్నా, ఉద్యోగం ఎలాగూ రాదు.

కృష్ణా_కాలువ
ఇది తెలంగాణ జబ్బు మాత్రమే అనుకోకండి. మా వైపు నవంబర్ 1 వస్తే మైకు పట్టుకున్న ప్రతివాడూ "ఆంధ్రప్రదేశ్ కోసం పొట్టి శ్రీరాములుగారు ప్రాణాలిచ్చారు" అంటాడు. ఆయన 58 రోజులు దీక్ష చేసి చనిపోయింది 1952 డిసెంబర్ 15న, మద్రాసులో. అడిగింది మద్రాసు రాష్ట్రం నుంచి వేరుపడే ఆంధ్ర రాష్ట్రం. అది 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా వచ్చింది. 1956 నవంబర్ 1 నాటికి ఆయన పోయి దాదాపు నాలుగేళ్ళు. ఒక మీటింగులో నేను ఈ మాట అంటే పక్కాయన "ఇప్పుడు అదంతా ఎందుకండీ, దండ వేయండి" అన్నాడు.

కరీంనగర్_కిరాణా
వేశారా?

కృష్ణా_కాలువ
వేశాను. దండకు తప్పేముంది.

బీదర్_తెలుగోడు
మా దగ్గరా ఇదే సెప్టెంబర్ 17. ఒకే సంస్థానం, మూడు రాష్ట్రాల్లోకి చీలింది. మరాఠ్వాడాలో ముక్తి సంగ్రామ దినం అని జెండా ఎగరేస్తారు, స్వామి రామానంద తీర్థను తలుచుకుంటారు. మా కర్ణాటక భాగంలో హైదరాబాద్-కర్ణాటక విమోచన దినం అనేవాళ్ళు. 2019లో ప్రాంతం పేరే కల్యాణ కర్ణాటక అయింది, పండగ కల్యాణ కర్ణాటక ఉత్సవ్ అయింది. పేరు మీద తెలంగాణలో అయినంత లొల్లి మా దగ్గర లేదు. కానీ చాయ్ భాయ్ చెప్పిన రిపోర్టులో ఉన్న జిల్లాల్లో మాదొకటి. స్టేజీ మీద దాని మాట ఎవరూ ఎత్తరు. గొడవ లేకపోవడానికి కారణం అందరికీ నిజం తెలిసి కాదు.

మిర్చిబజ్జి_సగం_ప్లేటు
మొదటిసారి ఈ ఫోరంలో నాకు జోక్ రాలేదు.

సర్కారుబడి_టీచర్
అందరూ చదువు చదువు అంటున్నారు కాబట్టి క్లాసులో పరిస్థితి చెప్తా. సోషల్ పీరియడ్ అంటే మ్యాథ్స్ సార్ అప్పు తీసుకునే పీరియడ్. పోయిన ఏడాది నేను రజాకార్ల గురించి చెప్పినప్పుడు రజ్వీ మనుషులు వేరు, మన ఊరి ముస్లింలు వేరు అని రెండు నిమిషాలు ఎక్కువ చెప్పాను. మర్నాడు ఒక తండ్రి వచ్చి "మీరు ఏ పార్టీ మేడమ్" అన్నాడు. వారం తర్వాత వెట్టిచాకిరి చెప్తూ ఆ దొరల్లో ఎక్కువమంది హిందువులే అన్నాను. అదే తండ్రి మళ్ళీ వచ్చాడు. పుస్తకంలో ఉన్నది చదివి కూర్చుంటే ఎవరూ రారు, జీతం అంతే.

టైంపాస్_పల్లీలు
మేడమ్, అయితే మీరు చెప్పడం మానేశారా?

సర్కారుబడి_టీచర్
లేదు. ఇప్పుడు నేను చెప్పను, పిల్లలతో చెప్పిస్తాను. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాసుకురమ్మంటా. వాళ్ళ నానమ్మ చెప్పిందాని మీద ఆ తండ్రి నాతో ఏం పోట్లాడతాడు?

నల్లగొండ_సారు
మేడమ్ పద్ధతి బాగుంది. నాది ఇంకోటి ఉండేది. సెప్టెంబర్ 18న మూడు నాలుగు దినపత్రికలు కొని క్లాసులో పంచేవాణ్ణి. ఏం జరిగిందో చెప్పే వాక్యాల కింద నీలం గీత, ఎలా అనుకోవాలో చెప్పే వాక్యాల కింద ఎర్ర గీత. ఒక ఏడాది ఒక పత్రిక మొదటి పేజీ మొత్తం ఎరుపే అయింది. ఒక పిల్లవాడు "సార్, వాతావరణం ఒక్కటే నీలం" అన్నాడు.

ఒక పెద్దమనిషి కథ కూడా చెప్పేవాణ్ణి. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే సురవరం ప్రతాపరెడ్డి తిట్టలేదు, ధర్నా చేయలేదు. ఊరూరికీ రాసి పద్యాలు తెప్పించి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేశాడు. ఆ తర్వాత ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

బురుజు_బిడ్డ
ఇది బాగుంది సార్. కానీ పేరు మాత్రం నేను విమోచన అనే అంటాను.

నల్లగొండ_సారు
అను. ఎందుకంటున్నావో చెప్పు, చాలు. నాకు మాత్రం 17న పాత ప్రభుత్వం పడిపోయిందనే అనిపిస్తుంది. మా ఊరికి విమోచన పూర్తి కావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఒక_చాయ్_రెండు_ఉస్మానియా
బురుజు అన్నా, ఎప్పుడైనా బైరాన్‌పల్లి చూడాలని ఉంది. నేనొస్తే తీసుకెళ్తావా?

బురుజు_బిడ్డ
రా. చేర్యాల బస్టాండ్‌లో దిగు. అక్కడి నుంచి బండి మీద పోదాం. బిస్కెట్లు తీసుకురా.

ఓరుగల్లు_నాన్న
అందరికీ దండాలు. రాసింది నేను కాదు, పాపే. మీ పోస్టులన్నీ చదివి వినిపించా (బూతులున్న రెండు వదిలేసి). మా అమ్మను కూర్చోబెట్టి అరగంట అడిగింది. అమ్మకు అప్పుడు ఆరేళ్ళు. ఆమెకు గుర్తున్నది ఒక్కటే. ఇంట్లో వడ్లు గాదెలో కాకుండా గోడలో దాచేవాళ్ళట, రజాకార్లు వస్తారని. పోలీస్ యాక్షన్ అయ్యాక గోడ పగలగొడితే సగం పురుగు పట్టిపోయాయి. ఇది నాకే ఇన్నేళ్ళుగా తెలియదు. సోమవారం సంగతి వచ్చి చెప్తా.

గ్రూప్2_నాలుగోసారి
గోడలో వడ్లు. ఏ మెటీరియల్‌లోనూ చదవలేదు ఇది.

ఓరుగల్లు_నాన్న
అయిపోయింది. పాప గోడలో వడ్లతో మొదలుపెట్టింది, 13, 17, 18 తేదీలు చెప్పింది, షోయబుల్లా ఖాన్, బైరాన్‌పల్లి, దొడ్డి కొమరయ్య, గుల్బర్గా చెప్పింది, 1950లో రాజప్రముఖ్ చెప్పింది. చివర్లో "ఈ రోజుకి పెద్దవాళ్ళు నాలుగు పేర్లు పెట్టారు, మా నానమ్మ పోలీస్ యాక్షన్ అంటుంది" అని దిగిపోయింది. మూడు నిమిషాల పదిహేను సెకన్లు, అందుకు మార్కులు కోశారు. కన్సొలేషన్ ప్రైజ్, స్టీల్ టిఫిన్ బాక్సు.

ఫస్ట్ ప్రైజ్ ఒక బాబుకి. పటేల్ కాళ్ళ దగ్గర నిజాం లొంగిపోవడం, ఆ వెంటనే పశ్చాత్తాపంతో 5,000 కిలోల బంగారం దానం. చప్పట్లు మోగిపోయాయి.

మిర్చిబజ్జి_సగం_ప్లేటు
రెండు ఫార్వర్డులకూ పెళ్ళి చేసేశాడు బాబు!

నల్లగొండ_సారు
పాపకు నా ఆశీస్సులు చెప్పండి. టిఫిన్ బాక్సు రోజూ వాడమనండి.

డల్లాస్_పెసరట్టు
ఆ బాబు వాళ్ళు ఏ ఊరివాళ్ళండీ? మా ఫ్యామిలీ గ్రూపులో ఉన్నారేమోనని భయంగా ఉంది.